ఒక్క సంవత్సరములో కాదు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 23:29, 30, మత్తయి సువార్త 12:43–45



ప్రతి సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి మన దేవాలయములు క్రిక్కిరిసి యుండును. వాచ్ నైట్ ఆరాధనలో గడియారము పన్నెండు కొట్టుటకు ముందు సంఘమంతయు మోకరించును. ఆ నిశ్శబ్దములో అనేకులు దేవునితో ఒక్కొక్క మాట చెప్పుకొందురు. చుట్ట మానెదనని ఒకరు, ఖైనీ ముట్టనని ఒకరు, బ్రాందీ దుకాణము వైపు పోనని ఒకరు తీర్మానించుకొందురు. మధుమేహముగల పెద్దాయన మిఠాయి తిననని చెప్పుకొనును. పిల్లలమీద ఊరక కేకలు వేయనని ఒక తల్లి కన్నీటితో ఒప్పుకొనును. అర్ధరాత్రి దాటువరకు సెల్‌ఫోను చూడనని ఒక యౌవనుడు మాట యిచ్చును. ఆ మాటలు అబద్ధములు కావు. ఆ గడియలో వారు నిజముగానే చెప్పుచున్నారు.

సంక్రాంతి గడచునప్పటికి వాటిలో సగము సడలిపోవును. శ్రమదినముల నాటికి మిగిలినవి బహు స్వల్పము. ఆంధ్రులు ఆరంభశూరులని పెద్దలు ఊరకనే అనలేదు. అయితే దానికంటె విచారకరమైన సంగతి మరియొకటి కలదు. మాట తప్పినవాడు సిగ్గుపడి దేవునికి దూరమగును. "నేను ఇక ఏ ముఖము పెట్టుకొని ప్రభువు బల్లయొద్దకు పోవుదును?" అని వెనుక బల్లమీద కూర్చుండి, సంస్కారమునకు ముందుగానే లేచి వెళ్లిపోవువారు మన సంఘములలో లేరా? చుట్ట వాని ఊపిరితిత్తులను చెరుపుచున్నది. సిగ్గు వాని సహవాసమునే దోచుకొనుచున్నది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని లోకము చెప్పు సామెతను అట్టివాడు తన విశ్వాస ప్రమాణముగా చేసికొనును. కాబట్టి ఈ నెల ఈ సంగతినిగూర్చి దేవుని వాక్యము ఏమి బోధించుచున్నదో కలిసి ధ్యానించుదము.

మొదటి ధ్యాన భాగములో దేవుడు ఇశ్రాయేలీయులకు వాగ్దాన దేశమునుగూర్చి సెలవిచ్చుచున్నాడు. ఒక్క రాత్రిలో సముద్రమును పాయలుగా చేసిన దేవుడు ఆ దేశమును కూడ ఒక్క రాత్రిలో ఇయ్యలేడా? ఇయ్యగలడు. అయినను అక్కడి నివాసులను ఒక్క సంవత్సరములోనే వెళ్లగొట్టనని ఆయన చెప్పెను. కారణము కూడ ఆయనే తెలిపెను: దేశము పాడుపడి అడవి మృగములు విస్తరించును. ఇశ్రాయేలీయులు వృద్ధిపొంది ఆ నేలను నింపుచుండగా, ఆ కొలదియే మెల్లమెల్లగా వారికి చోటు చేసెదనని చెప్పెను. ఈ మాట ఒక జనాంగపు చరిత్రకు సంబంధించినది. మనము ఎవరి భూమిమీదికిని పోవుటకు కాదు. అయితే దేవుడు పని చేయు రీతి ఇందులో మనకు కనబడుచున్నది. ఖాళీ చేయుటతోనే పని ముగియదు. ఖాళీ అయిన చోటు నిండవలెను.

మన రైతులకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ముండ్లు కొట్టి, తుంగ పెరికి, పొలమును శుభ్రము చేసి అట్లే విడిచిపెట్టుడి. రెండు వర్షములు కురిసిన తరువాత పోయి చూడుడి. సర్కారు తుమ్మ మొలిచియుండును, తుంగ మరల లేచియుండును. అందుకే తెలిసిన రైతు నేలను బీడు పెట్టక జీలుగయో జనుమో పిల్లిపెసరయో చల్లును. ఆ పైరు నేలను కప్పి కలుపును అణచును, దున్నిన తరువాత ఎరువు కూడ అగును.

రెండవ ధ్యాన భాగములో ప్రభువు చెప్పిన ఉపమానము ఇదే. ఒక యింటినుండి అపవిత్రాత్మ వెళ్లిపోయెను. ఇల్లు ఊడ్చబడి అలంకరింపబడి యున్నది. అయితే లోపల ఎవరును లేరు. వెళ్లినది తిరిగి వచ్చి చూచి, తనకంటె చెడ్డవైన మరి ఏడింటిని వెంటబెట్టుకొని ప్రవేశించెను. ఆ యింటివాని తప్పు ఊడ్చకపోవుట కాదు. ఊడ్చిన యింటిని ఖాళీగా ఉంచుటయే.

ప్రియులారా, మన వాచ్ నైట్ తీర్మానములు అనేకము చీపురు వంటివి. మానెదము, ముట్టము, పోము, తినము అని ఊడ్చుదుము. దాని స్థలములో ఏమి చేయుదుమో చెప్పుకొనము. చుట్టను ఒక్క దినమున విసిరివేయవచ్చును. అట్లు చేయుట మంచిదే. కాని చుట్ట కూర్చుండిన చోటు ఒక్క దినమున నిండదు. మెల్లమెల్లగా అనుమాట సోమరితనమునకు సాకు కాదు. రేపు మానెదనని చెప్పుకొనుటకు అది సెలవు ఇయ్యదు. ఈ దినము మొదలుపెట్టి, అనేక దినములు నింపుచు పోవలెనని దాని భావము.

మరి ఆ చెడ్డ అలవాటు మన యింటిలో ఏ చోటు ఆక్రమించుకొన్నదో పరీక్షించుకొందము. లారీ నడుపు సహోదరునికి ఖైనీ నిద్రను ఆపు కాపలాదారుడు. కార్యాలయములో పై అధికారి మాటలు పడినవానికి టీ దుకాణమువద్ద సిగరెట్టు పది నిమిషముల విడుదల. తెల్లవారినది మొదలు అందరికి వండి వడ్డించి తోమి అలసిన తల్లికి రాత్రి పదకొండు గంటల సెల్‌ఫోను ఒక్కటే తనదైన గడియ. విశాఖపట్టణము, శ్రీకాకుళము తీర ప్రాంతములలో నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ త్రాగు వృద్ధస్త్రీలు కలరు. అది అంగిటికి కేన్సరు తెచ్చునని వైద్యులు కనుగొనియున్నారు. అయినను దినమంతయు కష్టపడిన ఆ అవ్వకు అది ఒక్కటే తోడు. అలవాటు తరచుగా అలసటకు మనము వేసికొన్న నాటుమందు. ఈ సంగతి గ్రహింపనివాడు తన్ను తాను తిట్టుకొనుటతోనే కాలము గడుపును.

దేవుడు మన శరీరమును ఆశ్చర్యముగా నిర్మించెను. ఆపద ఎదురైనప్పుడు పోరాడుటకో పరుగెత్తుటకో అది తానే సిద్ధపడునని వాల్టర్ కానన్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు 1915లో వివరించెను. గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి హెచ్చును, రక్తములోనికి చక్కెర వచ్చి చేరును. పాము ఎదురైనప్పుడు ఇది మేలే. అయితే పిల్లల ఫీజు, అప్పువాని మాట, అత్తగారి జబ్బు, ఉద్యోగపు భయము, వీటితో పోరాడి గెలువలేము, వీటినుండి పరుగెత్తియు పోలేము. అందుచేత శరీరము దినమంతయు జీను విప్పని గుఱ్ఱమువలె నిలిచియుండును. నిద్ర చెడును, రక్తపోటు హెచ్చును, చేయి తెలియకుండగనే జేబులోని పెట్టెకొరకు వెదకును.

పొగాకు మనస్సును శాంతింపజేయునని చాలమంది నమ్మకము. ఇది మోసము. పొగాకులోని నికోటిను దిగిపోవునప్పుడు పుట్టిన చిరాకును, తరువాతి చుట్ట కొంచెముసేపు అణచును, అంతే. తానే పెట్టిన మంటను తానే ఆర్పి కూలి అడుగు పనివానివలె అది ప్రవర్తించును. 26 పరిశోధనలను ఒకచోట చేర్చి పరీక్షించిన వైద్యులు, పొగ మానినవారిలో దిగులు, ఆందోళన, ఒత్తిడి హెచ్చుటకు బదులు తగ్గినవని 2014లో బ్రిటిషు మెడికల్ జర్నలులో ప్రకటించిరి. మొదటి వారము కష్టమే. తరువాత మూడు నాలుగు వారములలో ఆ బాధ సన్నగిల్లుచు వచ్చును. కోరిక పుట్టినప్పుడు అది అలవలె లేచి, సామాన్యముగా కొన్ని నిమిషములలో దిగిపోవును. ఆ కొన్ని నిమిషములకు ఒక గ్లాసు నీళ్లు, వీధి చివరివరకు ఒక నడక, ఒక చిన్న ప్రార్థన చాలును.

ఇప్పుడు ఏలీయా ప్రవక్తను చూడుడి (1 రాజులు 19). కర్మెలు పర్వతముమీద అగ్ని దిగివచ్చుట చూచినవాడు, యెజెబెలు బెదరింపు విని అరణ్యమునకు పారిపోయి, బదరీచెట్టు క్రింద కూర్చుండి చావు కోరెను. దేవుడు వానికి మొదట ఏమి చేసెను? ప్రసంగము చేయలేదు, గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతను పంపి రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల నిద్రపోనిచ్చి, మరల భోజనము పెట్టించెను. ప్రయాణము వాని శక్తికి మించినదని పరలోకము ఎరుగును. దర్శనమును స్వరమును హోరేబు కొండమీద తరువాత వచ్చినవి. అలసిన దేహముతో ఆత్మ యుద్ధము చేయుట ఎంత కష్టమో మన సృష్టికర్తకు తెలియును. జనుల రాకపోకలవలన భోజనమునకైనను తీరికలేని శిష్యులను మన ప్రభువు ఏకాంతమునకు పిలిచి అలసట తీర్చుకొనుమనెను (మార్కు 6:31). తుపాను వచ్చిన దోనెలో ఆయన తలగడమీద తల వాల్చి నిద్రించుచుండెను. వేళకు నిద్రించుట కూడ ఒక విశ్వాస కార్యమే. నేను మేలుకొనియున్నంత మాత్రమున లోకము నడచుట లేదని అది ఒప్పుకొనుచున్నది.

ఇక ఖాళీ స్థలమును నింపు విధము ఎట్లు? దానియేలు మనకు మంచి మాదిరి. బబులోను రాజగృహములో అతడు తన జీవితమంతటికి ఒక పెద్ద ప్రకటన చేయలేదు. పది దినములు శాకధాన్యములును నీళ్లును ఇచ్చి చూడుమని పైవానిని మర్యాదగా అడిగెను (దానియేలు 1). పది దినములు! ఎవరైనను మోయగలిగిన బరువు అది. అరణ్యములో మన్నా కూడ ఏ దినపు వంతు ఆ దినమే కూర్చుకొనవలసి యుండెను. రేపటికని దాచినది పురుగులు పట్టెను, విశ్రాంతి దినపు వంతు తప్ప. ప్రభువు నేర్పిన ప్రార్థనలో సంవత్సరపు ధాన్యమును అడుగుట లేదు. ఆ దినపు ఆహారమునే అడుగుచున్నాము. ఈ సంవత్సరమంతయు ముట్టననుట నా శక్తికి మించినది. ఈ మధ్యాహ్నము భోజనమైన తరువాత చుట్టకు బదులు నాలుగు సోపు గింజలు నోట వేసికొని, మా మనుమని చేయి పట్టుకొని వీధిలో నడతుననుట నా చేతిలో ఉన్నది. రాత్రి తొమ్మిదిన్నరకు కుటుంబ ప్రార్థన కాగానే సెల్‌ఫోను వంటింటి గూటిలో పెట్టెదననుట సాధ్యమే. ఏ వేళ, ఏ చోట, దేనికి బదులు ఏమి చేయుదునో స్పష్టముగా చెప్పుకొన్న తీర్మానము నిలుచును.

ఇది ఎన్ని దినములకు అలవడును? లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిచేత ఒక్కొక్క చిన్న మంచి అలవాటు ప్రారంభింపజేసి 84 దినములు గమనించిరి. 2010లో ప్రచురింపబడిన వారి లెక్క ప్రకారము ఆ పని తనంతట తాను జరుగుటకు సుమారు 66 దినములు పట్టెను. త్వరగా అలవడినవారికి 18 దినములు, నిదానముగా అలవడువారికి 254 దినములు పట్టునని తేలెను. కాబట్టి ఇరువది దినములలో మారలేదని ఎవరును తన్ను తాను శపించుకొననక్కరలేదు. వారు కనుగొనిన మరియొక సంగతి మనకు ఎంతయో ఆదరణ: మధ్యలో ఒక్క దినము తప్పిపోయినంత మాత్రమున జరిగిన పని చెడిపోలేదు.

నీతిమంతుడు ఏడు మారులు పడినను లేచునని సామెతల గ్రంథము 24వ అధ్యాయము బోధించుచున్నది. అక్కడ నీతిమంతుని గురుతు పడకుండుట కాదు, లేచుట. పేతురు మూడు మారులు ప్రభువును ఎరుగననెను. పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరమున నిప్పులమీద చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, వానిని భోజనమునకు పిలిచెను (యోహాను 21). లెక్క అడుగుటకు ముందు అన్నము పెట్టెను. తరువాత అడిగిన ప్రశ్న ప్రేమనుగూర్చియే. ఆలాగైతే, నిన్న మాట తప్పినవాడు ఈ ఆదివారము ఎక్కడ ఉండవలెను? వెనుక బల్లమీద కాదు. పశ్చాత్తాపముతో ప్రభువు బల్లయొద్దనే ఉండవలెను. ఆ బల్ల గెలిచినవారికి ఇచ్చు బహుమానము కాదు. ఆకలిగొన్నవారికి పెట్టు భోజనము.

ఇందులో సంఘమునకును బాధ్యత కలదు. ఏలీయా నేనొక్కడనే మిగిలితినని చెప్పగా, దేవుడు ఏడువేలమంది కలరని చూపి, ఎలీషాను తోడుగా ఇచ్చెను. మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటరిగా తీర్పు తీర్చుచు నలిగిపోవుట చూచి, అతని మామయైన యిత్రో భారము పంచుకొనుమని చెప్పెను. మన మధ్య ఒకడు త్రాగుడు మాన ప్రయత్నించుచున్నాడని తెలిసినప్పుడు మనము ఏమి చేయుచున్నాము? బావిదగ్గర చెప్పుకొని నవ్వుచున్నామా? లేక సాయంకాలము ఆరు గంటలకు, వాని కాళ్లు దుకాణము వైపు తిరుగు వేళకు, వాని యింటి గడపయొద్దకు పోయి "అన్నా, రా, కొంచెము నడచివత్తము" అని పిలుచుచున్నామా? స్త్రీల సమాజపు సహోదరీలారా, రక్తపోటుతో ఉన్న మీ పొరుగు అక్కతోకూడ అరగంట నడచుడి. వారమునకు 150 నిమిషములైనను చురుకుగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది దినమునకు అరగంట చొప్పున అయిదు దినములే. మార్గమధ్యమున మీరు వినిన ఆమె దుఃఖము, మీరు చేసిన ప్రార్థన లెక్కకు అదనము.

ఒక హెచ్చరిక. విశ్వాసము పేరిట వైద్యుని త్రోసివేయకుడి. లూకా వైద్యుడే. దినదినము అధికముగా త్రాగుచు వచ్చినవారు ఒక్కమారుగా మానినయెడల వణుకు, మూర్ఛ కలిగి ప్రాణమునకే అపాయము రావచ్చును. వైద్యుని ఆలోచనతోనే మానవలెను. రక్తపోటు మాత్రలు, మానసిక వ్యాధి మాత్రలు సొంతముగా ఆపకూడదు. పొగాకు మానగోరువారికి ప్రభుత్వమువారు 1800-11-2356 అను ఉచిత ఫోను సహాయమును 2016 నుండి నడుపుచున్నారు. మనస్సు భరింపలేనంత క్రుంగినవారికి టెలీ మానస్ 14416 అను సంఖ్య 2022లో ఏర్పడినది. ఆ సహాయము అడుగుట అవిశ్వాసము కాదు. దూత పెట్టిన రొట్టెను ఏలీయా కాదనలేదు గదా?

వృద్ధులైనవారు, "నాకు ఇప్పుడు మార్పు ఎందుకు? పోవు వయస్సు వచ్చినది" అని అనవచ్చును. ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ డాల్ బ్రిటిషు వైద్యులనే 1951 నుండి 50 సంవత్సరములు గమనించి, 2004లో ఫలితము ప్రకటించెను. జీవితమంతయు పొగ త్రాగినవారు సగటున పది సంవత్సరముల ఆయుష్షు కోల్పోయిరి. ముప్పదియవ యేట మానినవారు ఆ పదిటిని దాదాపు పూర్తిగా తిరిగి పొందిరి. నలువదియవ యేట మానినవారు తొమ్మిది, ఏబదియవ యేట మానినవారు ఆరు, అరువదియవ యేట మానినవారు కూడ మూడు సంవత్సరములు పొందిరి. మూడు సంవత్సరములనగా ఒక మనుమరాలి వివాహమును చూచుట, ఒక మనుమని చేతిలో పరిశుద్ధ గ్రంథము పెట్టి చదువ నేర్పుట. సాయంకాలమున పిలువబడిన కూలివానికిని యజమానుడు జీతము ఇచ్చెను.

కాబట్టి ప్రియులారా, వచ్చు డిసెంబరు 31వ తేదీకొరకు ఎదురుచూడకుడి. ఈ రాత్రియే ఒక చిన్న కాగితముమీద మూడు సంగతులు వ్రాసికొనుడి. నన్ను పట్టుకొన్న అలవాటు ఏ వేళ, ఏ అలసటలో వచ్చుచున్నది? ఆ వేళ ఆ చోటును దేనితో నింపుదును? నాతో నడచుటకు ఎవరిని పిలుతును? ఆ కాగితమును మీ పరిశుద్ధ గ్రంథములో ఉంచి, పది దినములకు మాత్రము దేవుని సహాయము అడుగుడి. పది దినములైన తరువాత మరి పది అడుగుడి. మధ్యలో పడినయెడల ఆ సాయంకాలమే లేచి, మరుసటి ఉదయపు వంతు కూర్చుకొనుటకు బయలుదేరుడి. మన దేవుడు మెల్లగా పని చేయును గాని మధ్యలో విడిచిపెట్టువాడు కాడు. ఆయన పాడునేలను చూచి సంతోషించువాడు కాడు. మనుష్యులు కాపురముండి పంట పండు దేశమును చూడగోరువాడు.

ప్రార్థన: మా బలహీనత ఎరిగిన తండ్రీ, మేము ఊడ్చిన యింటిని ఖాళీగా ఉండనియ్యక నీ పరిశుద్ధాత్మతో నింపుము. అలసినవారికి నిద్రను, పడినవారికి లేచు ధైర్యమును, ఒంటరివారికి తోడును దయచేయుము. ఈ దినపు వంతు కృప ఈ దినమే మాకు అనుగ్రహించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.